ఎడమవైపు సీటు

మిల్లు గేటు ఇంకా ఆరు లారీల దూరంలో ఉందనగా దొర్సామి లారీ క్యాబిన్ కింద నుంచి ఆవిరి లేచింది. మొదట సన్నగా, ఎవరో కింద కూచుని చుట్ట కాలుస్తున్నట్టు లేచింది. తర్వాత బుసబుసమంటూ ముందద్దం మొత్తం కమ్మేసింది. దొర్సామి ఇంజన్ ఆపి దిగేసరికి వెనక లారీలన్నీ హారన్లు అందుకున్నాయి. బుధవారం ఎండ నడినెత్తి మీద ఉంది. తెల్లారగట్ల నుంచి వరసలో పడున్న డ్రైవర్ల ఓపికలు అప్పటికే అయిపోయాయి.

మిల్లు ట్రాక్టరు వచ్చి, గొలుసు తగిలించి, పదకొండు టన్నుల చెరుకుతో ఉన్న లారీని వరసలోంచి పక్కకి ఈడ్చి పడేసింది. సముద్రం మధ్య దీవిలో ఉన్న ఆ లంబాసాలో ముప్పై ఏళ్ళుగా చెరుకు తోలుతున్నవాడికి, నలభై మంది చూస్తుండగా అలా జరగడం తల కొట్టేసినంత పనయింది.

ఇలియెసా ఎడమ తలుపు తీసుకుని దిగి, నీళ్ళ డబ్బా పట్టుకుని ముందుకొచ్చాడు. ఆ దీవి మూలవాసి, యాభైకి దగ్గరపడ్డ మనిషి. తలుపుకి సరిపడా భుజాలు. పదకొండు సీజన్లుగా దొర్సామి పక్కనే కూచుని చెరుకుకి గొలుసులు బిగిస్తున్నాడు, గుంటల్లోంచి లారీని వెనక్కి పట్టిస్తున్నాడు.

"మూత ఇప్పుడే తియ్యకన్నా, చెయ్యి కాలుద్ది," అన్నాడు.

"పొద్దున నీళ్ళు పోశావా?"

"పోశాను."

"పోస్తే ఏమయ్యాయి? నువ్వు తాగావా?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో దొర్సామి ఒళ్ళు మండిపోయింది. అటు తిరిగి, అందరికీ వినబడేలా గొంతెత్తాడు.

"పొయ్యలేదు వీడు! రాత్రంతా ఊళ్ళో యంగోనా వేళ్ళ రసం తాగి మత్తెక్కడం, పొద్దున బండెక్కి నా పక్క సీట్లో కునుకు తియ్యడం. అడిగితే పోశానని అబద్ధం! ఇట్లాంటివాణ్ణి బండెక్కించుకున్నందుకు నన్ననాలి. ఎవరికైనా కావాలంటే తీసుకుపొండి. నాకొద్దు."

ఇలియెసా డబ్బాని నేల మీద పెట్టాడు. నీళ్ళు తొణకకుండా నిదానంగా పెట్టాడు. సీటు వెనక గోనెసంచిలో చుట్టిన చెరుకు కత్తి, అన్నం డబ్బా తీసుకున్నాడు.

"పోశానన్నా," అన్నాడు మళ్ళీ. ఈసారి దొర్సామికి మాత్రమే వినబడింది.

తర్వాత ఆ నలభై లారీల వరస పక్కనుంచి, చివరిదాకా, తలెత్తుకునే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. డ్రైవర్లు కిటికీల్లోంచి తొంగి చూశారు. దొర్సామి రేడియేటర్ వైపు తిరిగి, దాన్నే చూస్తున్నట్టు నిలబడ్డాడు.

సాయంత్రానికి ఇంజన్ చల్లారాక ఆ డబ్బా నీళ్ళే పోసి, వరస చివర్లో చేరి, పొద్దు గూకే వేళకి చెరుకు దింపి ఇంటికొచ్చాడు.

గురువారం పొద్దున దొర్సామి టీ తాగుతుండగానే బిసేసర్ వచ్చాడు. చెరుకు కొట్టే గాంగుకి ఆ ఏడాది సర్దారు అతనే. గట్టు మీదే నిలబడి మాట్లాడాడు, లోపలికి రాలేదు.

"బాబాయ్, బండి సంగతేంటి?"

"నీళ్ళు ఎక్కడో పోతున్నాయిరా. చూస్తున్నా."

"పోయిన వారం రెండుసార్లు కొండ మీద ఆపావు. నిన్న గేటు ముందు. మావాళ్ళు కొట్టిన చెరుకు పొలంలో ఎండుతోంది. ఎండిన చెరుకులో రసం ఏముంటది?"

"రెండ్రోజులు ఆగు."

"సోమవారం పొద్దునదాకా ఆగుతా. అప్పటికీ కాకపోతే గాంగు మొత్తం ఇద్రీస్ బండికి పోతుంది. నా చేతుల్లో లేదు, అందరూ అంటున్నారు." బిసేసర్ లారీ చుట్టూ ఓసారి చూశాడు. "ఇలియెసా ఏడీ?"

"లేడు."

"నిన్నటి సంగతి విన్నాలే," అని వెళ్ళిపోయాడు.

దొర్సామి క్యాబిన్‌ని ముందుకి ఎత్తి, కింద దుంగ ఆనించి, ఇంజన్ ముందు చతికిలబడ్డాడు. ఆ లారీ జపాన్‌లో ఎన్నేళ్ళు తిరిగి ఓడెక్కిందో అతనికి తెలియదు. లంబాసాకొచ్చి మాత్రం పద్నాలుగేళ్ళయింది. దాని బోల్టులన్నీ అతని వేళ్ళకి తెలుసు. ముందు ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నల్లగానే ఉంది, పాల రంగు తిరగలేదు. ఇంజన్ స్టార్టు చేసి పొగ చూశాడు. తెల్లపొగ లేదు. రేడియేటర్ మూత తీసి నీళ్ళలోకి తొంగి చూశాడు. బుడగలు లేవు. అయితే నీళ్ళు ఇంజన్ లోపలికి పోవడం లేదన్నమాట. గుండెల మీంచి ఒక బరువు దిగింది. ఇంజన్ తల ఊడదీసే పని తప్పింది.

ఇక బయట ఎక్కడో కారుతూ ఉండాలి. వాటర్ పంపు కిందుండే చిన్న కన్నంలో వేలు పెట్టి తిప్పాడు. వేలు పొడిగా వచ్చింది. పై గొట్టం పిసికాడు, కింది గొట్టం వంచి పగుళ్ళు వెతికాడు, క్లిప్పులు ఒక్కొక్కటీ పానాతో అర చుట్టు బిగించాడు. రేడియేటర్ రెక్కల మీద ముసిరిన చెరుకాకు చెత్తంతా పాత బ్రష్షుతో దులిపాడు. ఎక్కడా తడి లేదు. ఇంట్లోంచి పౌడరు డబ్బా తెచ్చి, అతుకులన్నిటి మీదా తెల్లగా చల్లాడు. నీరు చెమ్మగిల్లితే పౌడరు మీద గీత పడుతుంది. బిస్కట్ల అట్టపెట్టె చింపి లారీ కింద పరిచాడు.

తర్వాత లారీని కొండదారి మీద రెండో గేరులో పైదాకా ఎక్కించి, దించి తీసుకొచ్చి, మళ్ళీ క్యాబిన్ ఎత్తి చూశాడు. పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది. ఒక్క గీత లేదు. రేడియేటర్‌లో మాత్రం లీటరున్నర తగ్గింది.

శుక్రవారమంతా అదే వరస. నిలబెడితే చుక్క కారదు. కొండెక్కితే మాయమవుతుంది. లారీ నడుస్తున్నప్పుడు ఇంకొకరు పక్కన ఉండి, చెవొగ్గి, ముక్కుతో పసిగట్టి చూస్తే తప్ప ఇది తేలదనిపించింది. తోలేవాడు తోలుతుంటే చూసేవాడు ఇంకొకడుండాలి. ఎవరిని పిలవాలో తోచలేదు. పక్కింటివాళ్ళు పొలంలో ఉన్నారు. డ్రైవర్లంతా వరసలో ఉన్నారు. ముప్పై ఏళ్ళలో తాను ఎవరింటికి వెళ్ళి సాయం అడిగాడో గుర్తు చేసుకుంటే ఒక్క పేరూ రాలేదు. అవసరం పడలేదు. పక్కన మనిషి ఎప్పుడూ ఉండేవాడు.

మధ్యాహ్నం మరోసారి కొండకి తీసుకెళ్దామని లారీని వెనక్కి తీస్తూ, అలవాటు కొద్దీ, "పక్క ఎంతుందిరా?" అన్నాడు. జవాబు రాలేదు. ఆ సంగతి తలకెక్కేలోపే వెనక టక్కున చప్పుడైంది. నీళ్ళ కుళాయి దిమ్మె విరిగి, పైపులోంచి నీళ్ళు ఎగజిమ్మాయి. దొర్సామి పరుగెత్తుకెళ్ళి గుడ్డ చుట్టి, చేతుల్తో పైపు పట్టుకుని కూచున్నాడు. వీధి మొదట్లో ఉన్న అడ్డకుళాయి కట్టేసి వద్దామంటే ఇది వదలాలి. వదిలితే పెరడంతా మడుగైపోతుంది. కాసేపు అలాగే తడుస్తూ కూచుని, చివరికి వదిలేసి పోయి కట్టేసి వచ్చాడు. ఆ పూట వంట చెయ్యలేదు.

శనివారం పదకొండు గంటలకి కొండ మీద, పైన్ చెట్లు మొదలయ్యే మలుపులో లారీ ఆపాడు. ఇంజన్ వేడి చూపే ముల్లు మళ్ళీ ఎర్రగీత దగ్గరకొచ్చింది. చల్లారేదాకా చేసే పని లేదు. పొద్దున చుట్టి తెచ్చుకున్న రొట్టెలు, వంకాయ కూర విప్పాడు. డ్రైవరు వైపు తలుపులోంచి ఎండ నేరుగా ఒళ్ళోకి కొడుతోంది. అందుకని ఎడమవైపు సీటుకి జరిగాడు.

పద్నాలుగేళ్ళలో ఆ సీట్లో అతను ఎన్నడూ కూచోలేదు. సీటు ఇంకొకరి ఒంటికి తగ్గట్టు పల్లంపడి ఉంది. చెప్పులు విడిచి, కాళ్ళు చాపి, రొట్టె తుంచాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి అరికాళ్ళకి ఏదో జిగటగా తగిలింది.

వంగి వేలితో కాళ్ళ కింది పట్టాని నొక్కాడు. వేలు తడిసింది. వాసన చూశాడు. తియ్యగా, బెల్లం మాడినట్టుంది. రేడియేటర్ నీళ్ళలో కలిపే మందు వాసన అది.

రొట్టె పక్కన పెట్టేసి పట్టా ఎత్తాడు. కింద రేకు మీద పచ్చటి నీళ్ళు గోరు లోతున నిలబడి ఉన్నాయి. రేకు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది. పైకి చూస్తే డాష్‌బోర్డు అడుగున, లోపలి నుంచి, ఒక్కో బొట్టే తీరుబడిగా జారుతోంది. అది హీటరు. జపాన్ చలిలో క్యాబిన్ వెచ్చబెట్టడానికి ఇంజన్ వేడినీళ్ళు దాని గుండా తిరుగుతాయి. లంబాసా ఎండలో ఆ మీట ముట్టుకునే అవసరం ఎవరికి వచ్చింది? అదొకటుందన్న సంగతే దొర్సామి మరిచిపోయాడు. ఇంజన్ వేడెక్కి నీటికి ఒత్తిడి పెరిగినప్పుడల్లా దాని చిల్లు తెరుచుకుంటోంది. లారీ కింద పరిచిన అట్ట పొడిగా ఉండకేమవుతుంది?

ఎడమవైపు ముందద్దం లోపల జిడ్డులాంటి పొర కనబడింది. దాని మీద అర్ధచంద్రంలా చొక్కా చేత్తో తుడిచిన గుర్తు.

అప్పుడు మాటలు గుర్తొచ్చాయి. పోయిన నెల కాబోలు, "అన్నా, ఈ పక్క అద్దం ఊరికే మసకేస్తంది," అన్నాడు ఇలియెసా. "నీ ఊపిరి అలాంటిది," అని తను నవ్వాడు. తర్వాతోసారి, "కాళ్ళ కింద బంకబంకగా ఉందన్నా." "జ్యూసు ఒలకబోసుకుని నాకు చెప్తావేంటి?" మూడోసారి ఏమన్నాడో గుర్తు రాలేదు. ఏదో అనబోతే, ఆ రోజు వరస ముందుకి కదిలిందని, "తర్వాత చెబుదువులే," అన్నాడు తను. ఆ తర్వాత అడగలేదు.

దొర్సామి ఆ సీట్లోనే చాలాసేపు కూచున్నాడు. చెరుకు దింపి వస్తున్న ఖాళీ లారీలు రెండు హారను కొట్టి పోయాయి. పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక రిపేరు గంటన్నరలో అయిపోయింది. డాష్‌బోర్డు అడుగు రేకు విప్పి హీటరుని బయటికి లాగాడు. పుస్తకమంత ఇత్తడి పెట్టె, అంచు అతుకంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. నోటితో ఊది నీళ్ళ బకెట్లో ముంచితే, అతుకు మూల నుంచి సూదిమొనంత బుడగలు వరసగా పైకొచ్చాయి. ఇంజన్ నుంచి దానికొచ్చే రెండు గొట్టాల్నీ కత్తిరించి, మధ్యలో జానెడు రాగి పైపు దూర్చి, రెండు వైపులా క్లిప్పులు బిగించాడు. నీళ్ళిప్పుడు క్యాబిన్ వైపు రాకుండానే వెనక్కి తిరిగిపోతాయి. రేడియేటర్ నింపి, మూత తీసే ఉంచి ఇంజన్ నడుపుతూ, లోపల చిక్కిన గాలి గుబగుబమని బయటికొచ్చేదాకా పై గొట్టం పిసుకుతూ నిలబడ్డాడు. సాయంత్రం కొండెక్కించి దించాడు. ముల్లు సగం దాటలేదు. నీళ్ళు నింపిన గీత దగ్గరే ఉన్నాయి.

పెరట్లో లారీ ఆపి, "దొరికిందిరా," అన్నాడు పైకే. కోడి ఒకటి తలెత్తి చూసి మళ్ళీ మట్టి గీరుకుంది.

ఆదివారం చర్చి అయ్యే వేళ చూసుకుని, క్షమాపణ అడిగేటప్పుడు ఆ ఊళ్ళలో ఇచ్చే యంగోనా వేళ్ళ కట్ట బజారులో కొని చంకలో పెట్టుకుని ఇలియెసా ఊరికి వెళ్ళాడు. ఊరి మొదట్లో లారీ ఆపి, టోపీ తీసి, అక్కణ్ణుంచి నడిచాడు. పదకొండేళ్ళుగా ఇలియెసాని రోడ్డు మీదే దింపేవాడు. ఇల్లెక్కడో చర్చి దగ్గర ఆడవాళ్ళని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఇలియెసా తెల్లచొక్కా తొడుక్కుని, లుంగీలాంటి బూడిదరంగు సులు కట్టుకుని, చాప మీద కూచుని ఉన్నాడు. పక్కన అతని పెదనాన్న, చెవిటి ముసలాయన. దొర్సామి గుమ్మం దగ్గరే, అందరికంటే కింద, బాసింపట్టు వేసుకుని కూచుని, కట్టని రెండు చేతులతో ముందుకి జరిపాడు.

"తప్పు నాది," అన్నాడు. వస్తూ దారంతా పేర్చుకున్న మాటల్లో ఇదొక్కటే మిగిలింది. "మీ మనిషిని పదిమందిలో మాటన్నాను. నీళ్ళు అతను పోశాడు. హీటరు చిల్లు పడింది. అతను చెప్తూనే ఉన్నాడు, నేనే వినలేదు."

"ఏంటంటున్నాడు?" అన్నాడు ముసలాయన.

ఇలియెసా ఆయన చెవిలో పెద్దగా చెప్పాడు. ముసలాయన కట్టని చేత్తో తాకి, దోసిలి గుంటగా పట్టి మూడుసార్లు చప్పట్లు కొట్టి, ఏదో ప్రార్థనలాగా పలికాడు. అక్కడితో క్షమించినట్టే. లోపల్నించి ఎవరో కర్రపెండలం, చేపల పులుసు తెచ్చి పెట్టారు. ముగ్గురూ తిన్నారు. దొర్సామి ప్రాణం తేలికపడింది.

"రేపు తెల్లారగానే మీ ఊరి మలుపు దగ్గరికి వస్తా. సిద్ధంగా ఉండు," అన్నాడు లేవబోతూ.

ఇలియెసా చేప ముల్లు ఏరుతూ తలెత్తలేదు. "కోపం లేదన్నా. పెదనాన్న ముట్టుకోగానే పోయింది. కానీ నువ్వు నన్ను తిట్టింది ఇక్కడ కాదుగా."

"అంటే?"

"గురువారం ఇద్దరి బండ్ల దగ్గరికి పోయి అడిగా. శుక్రవారం ఇంకొకర్ని. 'నీళ్ళు కూడా పొయ్యనోడివి, నీకు బండెట్లా అప్పజెబుతాం' అన్నారు. నవ్వుతానే అన్నార్లే. నువ్వు పెద్ద డ్రైవర్‌వి, నీ మాట నమ్ముతారు." గిన్నె పక్కకి జరిపాడు. "ఇక్కడ చెబితే మా పెదనాన్నొక్కడే విన్నాడు. ఆయనకీ వినబళ్ళేదు."

దొర్సామికి నవ్వు రాలేదు. "సరే," అని లేచాడు.

సోమవారం ఒక్కడే పొలానికి పోయి చెరుకు ఎక్కించుకుని, ఒక్కడే గొలుసులు బిగించుకుని, తొమ్మిదింటికి వరసలో చేరాడు. అంతకుముందు పొలంలోనే బిసేసర్ రేడియేటర్ మూత తనే తీసి చూసి, తృప్తిగా తలూపాడు. గాంగు చెరుకు చేజారిపోలేదు.

మధ్యాహ్నానికి వరస కదలడం మానేసింది. డ్రైవర్లు, వాళ్ళ మనుషులు టార్పాలిన్ నీడలో యంగోనా బేసిను చుట్టూ చేరారు. ఇద్రీస్ కొబ్బరిచిప్పతో పోసి అందరికీ అందిస్తున్నాడు. బంతాట గురించి వాదన జరుగుతోంది. దొర్సామి వెళ్ళి అంచున కూచున్నాడు. మాట ఎక్కడ దూర్చాలో తెలియలేదు. ఒక చిప్ప తాగాడు, ఇంకోటి తాగాడు. నాలుక మొద్దుబారింది. గోలు ఎవరి తప్పో తేలకముందే, ఒక్కసారిగా, "నా బండి బాగైంది," అన్నాడు.

"ఏంట్రా జబ్బు?" అన్నాడు ఇద్రీస్.

"హీటరు కారింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు పెల్లుబికాయి.

"లంబాసాలో హీటరా!"

"రాత్రిళ్ళు చలేస్తోందా దొర్సామీ? దుప్పటి పంపమంటావా?"

"ముసలోడు ఎముకలు కాచుకుంటున్నాడ్రా!"

తనూ నవ్వేస్తే సరిపోయేది. అసలు మాట ఆ నవ్వుల కింద పడి నలిగిపోతుంది, ఎవరూ మళ్ళీ అడగరు. ఆ సంగతి దొర్సామికి తెలుసు. పెదవుల దాకా నవ్వు వచ్చింది కూడా. లేచి నిలబడ్డాడు.

"నవ్వింది చాలు. వినండి. బుధవారం ఇదే చోట ఇలియెసాని అబద్ధాలకోరన్నాను. వాడు నీళ్ళు పోశాడు. కారుతోందని నాకు మూడుసార్లు చెప్పాడు. నేను విన్లేదు. అబద్ధం ఆడింది నేను. ఎవరన్నా వాణ్ణి నీళ్ళు పొయ్యనోడన్నారంటే, నా మాట పట్టుకునే అన్నారు. ఆ మాట తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. ఇలియెసాకి పని లేదన్న ముగ్గురిలో ఒకడు బేసినులోకి చూస్తూ కూచున్నాడు. ఇద్రీస్ చిప్ప ముంచి, దొర్సామికి అందించకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మరి వాణ్ణి నీ బండి మీదికి పిలిచావా?"

"పిలిచాను."

"వస్తానన్నాడా?"

దొర్సామి ఆలోచించాడు. రానని అనలేదు. వస్తానని కూడా అనలేదు.

"అనలేదు."

"అయితే నేనడుగుతా. నా మనిషి పైన్ డిపోలో చేరిపోయాడు. వారం నుంచి ఒక్కణ్ణే చస్తున్నా. అంత పనోడు ఖాళీగా ఉన్నాడని తెలిస్తే ఎవరు ఊరుకుంటారు? నీకేమన్నా అభ్యంతరమా?"

ఉంది అనడానికి నోరు తెరిచాడు. చుట్టూ ముఖాలు అతన్నే చూస్తున్నాయి. పద్నాలుగేళ్ళుగా తను తోలుతున్న లారీ, వరసలో, ఎడమ తలుపు మూసుకుని, ఎండలో నిలబడి ఉంది.

"చర్చి వెనక మూడో ఇల్లు," అన్నాడు. "పెద్దాయన చెవిటి, గట్టిగా పిలవాలి." కూచోబోయి మళ్ళీ ఆగాడు. "ఇద్రీస్, వాడు ఎక్కువ మాట్లాడడు. ఒకమాట అన్నాడంటే బండి ఆపి విను."

"సర్లే," అని ఇద్రీస్ చిప్ప అందించాడు.

మంగళవారం తెల్లారకముందే దొర్సామి ఇలియెసా ఊరి మలుపు దగ్గర లారీ ఆపి, ఎడమ తలుపు గడియ తీసి ఉంచాడు. పొగమంచు పొలాల మీంచి లేచి, చెరుకు పూత తెల్లగా కనబడేదాకా కూచున్నాడు. బడికి పోయే పిల్లలు వెళ్ళారు. పాల డబ్బాల మనిషి వెళ్ళాడు. ఏడున్నరకి చెయ్యి చాపి, తలుపు లాగి వేసుకుని, పొలానికి వెళ్ళిపోయాడు.

గుంటలోంచి వెనక్కి తీసేటప్పుడు లారీ ఆపి, దిగి, ఎడమపక్కకి నడిచి వెళ్ళి చూసుకున్నాడు. మళ్ళీ ఎక్కి రెండడుగులు తీశాడు. మళ్ళీ దిగి చూసుకున్నాడు. చెరుకు కొడుతున్నవాళ్ళు కత్తులు ఆపి చూశారు. ఒకడు ముందుకు రాబోతే వద్దని చెయ్యూపాడు.

బుధవారం చెరుకు దింపి ఖాళీగా వస్తుంటే, ఇరుకు వంతెనకి అటువైపు బరువుతో వస్తున్న ఇద్రీస్ లారీ కనబడింది. బరువున్న బండికి దారివ్వాలి. దొర్సామి పక్కకి తీసి గడ్డిలో ఆపాడు. ఇద్రీస్ లారీ వంతెన చెక్కల మీద నెమ్మదిగా, మూలుగుతూ వచ్చింది. ఎడమ కిటికీలోంచి ఇలియెసా ఛాతీదాకా బయటికి వంగి, చక్రం పక్కనున్న అంచుని చూస్తూ, వేళ్ళతో ఇద్రీస్‌కి సైగలు చేస్తున్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. ఇద్రీస్ ఆ వేళ్ళ ప్రకారమే తిప్పుతున్నాడు.

వంతెన దాటాక ఇలియెసా తలెత్తి, ఆగి ఉన్న లారీని చూశాడు. ముఖం విప్పారింది. చెయ్యెత్తి ఏదో అరిచాడు. రెండు ఇంజన్ల మోతలో, చెరుకాకుల గలగలలో ఆ మాట దొర్సామికి అందలేదు. అప్పటికే లారీ దాటిపోతోంది.

"ఆఁ!" అన్నాడు దొర్సామి, గొంతెత్తి, కిటికీలోంచి చెయ్యి బాగా బయటికి చాపి. "ఆఁ, అలాగే!"

దుమ్ము అణిగేదాకా ఆగి, గేరు వేశాడు.